ఒక రేడియేటర్ పైపు వాంగ్మూలం

నేను అంబాసిడర్ కారు రేడియేటర్‌కి పైన బిగించే రబ్బరు పైపుని. షెడ్డుల్లో నన్ను టాప్ హోస్ అంటారు. ఇంజన్‌లో కాగిన నీళ్లను రేడియేటర్‌కి చేర్చడం నా పని. చల్లారిన నీళ్లను తిరిగి పంపుకి తీసుకుపోయే పని కింది పైపుది. నా కాపురం ఆత్రేయపురంలో, గౌతమి గోదారి గట్టుకు దగ్గర్లో. పాత బండిని ప్రాణంగా చూసుకునేవాళ్ల నోట తరచూ వినబడే మాట ఒకటుంది: "అన్నీ ఒరిజినల్ పార్టులేనండీ, ఒక్కటీ మార్చలేదు." ఆ గొప్పలో నన్ను కలపొద్దని నా మనవి. పాత కారులో ఇనుమును దాచుకోవాలి, రబ్బరును మార్చుకోవాలి. రెండింటికీ ఒకే మర్యాద చేస్తే చివరికి పోయేది ఇనుమే. నా ఉద్యోగం ఊడగొట్టే వాదన నేనే చేస్తున్నాను కాబట్టి ఇందులో నా స్వార్థం ఉందని ఎవరూ అనలేరు.

ముందు పుట్టుక సంగతి. బెంగాల్‌లోని ఉత్తరపారాలో, మోరిస్ ఆక్స్‌ఫర్డ్ సిరీస్ త్రీ నమూనా మీద హిందూస్థాన్ మోటార్స్ తయారుచేసిన అంబాసిడర్ 1950ల చివర్లో రోడ్డెక్కింది, 2014 మే నెలలో తయారీ ఆగిపోయింది. దాని పాత 1489 సీసీ పెట్రోలు ఇంజన్‌లో బ్లాకు, హెడ్డు రెండూ పోత ఇనుమే. అరిగితే బోరు చేయించుకోవచ్చు, వాల్వు సీట్లు దిద్దించుకోవచ్చు. ఇనుముకు మరో జన్మ ఉంది, నాకు లేదు. రబ్బరుకు గంధకం కలిపి వేడిచేస్తే గట్టిపడుతుందని 1839లో చార్లెస్ గుడ్‌ఇయర్ కనిపెట్టాడు. నాకు ఒళ్లిచ్చింది ఆ వేడే, దాన్ని తినేసేదీ ఆ వేడే. ఇంజన్ పక్కన ఉన్నన్నాళ్లూ నాలోని అణువుల గొలుసులు కొన్నిచోట్ల తెగుతుంటాయి, కొన్నిచోట్ల అతిగా ముడిపడుతుంటాయి. తెగినచోట మెత్తబడతాను, ముడిపడినచోట పెళుసెక్కుతాను. గాలిలోని ఓజోన్, సాగి ఉన్న నా వంపుల మీద పగుళ్లు తెస్తుంది. పాత బండ్లలో డైనమో బ్రష్షుల దగ్గర లేచే నిప్పురవ్వలు కూడా ఆ ఓజోన్‌నే పుట్టిస్తాయి. ఇవేవీ మీటరు మీది కిలోమీటర్లను అడిగి జరిగేవి కావు. ఆఖరున తయారైన అంబాసిడర్‌కి కూడా పదేళ్లు దాటిపోయాయి. ఫ్యాక్టరీలో వేసిన పైపు దాని మీద ఇంకా ఉంటే అది ఎప్పుడో గడువు తీరినదే.

"బండి ఎక్కడికి తిరుగుతుందండీ? శనివారం వాడపల్లి వెంకన్న దర్శనానికి, మహా అయితే రావులపాలెం దాకా" అని ఒక అభ్యంతరం. దూరం తక్కువే, నిజం. కానీ వాడపల్లి దారిలో శనివారం జనం మధ్య బండి నత్తనడక నడుస్తుంది. ఎదురుగాలి ఉండదు, రేడియేటర్‌కి ఫ్యాను గాలే దిక్కు. ఆ పూట నేను మోసే నీళ్లు హైవే మీద కన్నా వేడిగా ఉంటాయి. ఇంజన్ ఆపగానే పంపు ఆగిపోతుంది, బానెట్ కింద వేడి కాసేపు ఇంకా పెరుగుతుంది. రేడియేటర్ మూత నీళ్లను ఒత్తిడిలో ఉంచి మరిగే స్థానాన్ని పెంచుతుంది. చదరపు అంగుళానికి ఒక్కో పౌండు ఒత్తిడికి సుమారు ఒకటిన్నర డిగ్రీ. ఆ ఒత్తిడి నా గోడ మీదే పడుతుంది. ఇక వారమంతా షెడ్డులో నిలబడి ఉండటం నాకు విశ్రాంతి కాదు. కదలని నీళ్లలో తుప్పు, లవణాలు నన్ను అంటిపెట్టుకునే ఉంటాయి.

"కారడం లేదు కదా, చేత్తో నొక్కితే బానే ఉంది కదా" అన్నది రెండో అభ్యంతరం. పరీక్ష మంచిదే, చోటు తప్పు. ఒక కొసన ఇంజన్ ఇనుము, ఇంకో కొసన రేడియేటర్ ఇత్తడి, మధ్యలో లవణాలు కలిసిన నీళ్లు: అదొక చిన్న బ్యాటరీ. బలం కోసం నాలో కలిపిన కార్బన్ నలుపు ఆ కరెంటును పారనిస్తుంది. దాంతో నా లోపలి గోడలో సన్నటి చీలికలు మొదలై, నీళ్లు గుడ్డపొర దాకా పాకి దాన్ని బలహీనం చేస్తాయి. ఈ చీలికలు ఎక్కువగా వచ్చేది క్లిప్పులకు రెండంగుళాల లోపు. నడిమధ్యన నొక్కి చూసేవాళ్లకు నా రోగం దొరకదు. ఇంజన్ చల్లారాక కొసల దగ్గర నొక్కండి. లోపల గాళ్లు చేతికి తగిలినా, నడుము కన్నా కొసలు మెత్తగా ఉన్నా, పైన నున్నగా ఉబ్బినా నా పని అయిపోయినట్టే. పగిలిన చోట సైకిల్ ట్యూబు ముక్క చుట్టడం ఇంటికి చేరడానికి పనికొస్తుంది, ఇంట్లో పెట్టుకోవడానికి కాదు. "ఇనుప హెడ్డు, ఎంత వేడైనా తట్టుకుంటుంది" అనే ధీమా కూడా కూడదు. అల్యూమినియం కన్నా ఓర్పు ఎక్కువే గాని, నీళ్లు లేని ఇంజన్‌లో గ్యాస్‌కెట్ కాలుతుంది, ఇనుమూ చిట్లుతుంది.

మూడో అభ్యంతరం బరువైనది: అన్నీ మార్చుకుంటూ పోతే అది పాత కారెలా అవుతుంది? జవాబు ఈ గోదారి దగ్గరే ఉంది. ధవళేశ్వరం ఆనకట్టను కాటన్ దొర 1847లో మొదలుపెట్టి 1852కి పూర్తిచేశాడు. 1982 నాటికి దాని స్థానంలో బ్యారేజీ వచ్చింది. బొబ్బర్లంక నుంచి మధ్య డెల్టాకి వచ్చే కాలువలను ఏటా వేసవిలో కట్టేసి పూడిక తీస్తారు, పాడైన షట్టర్లు మారుస్తారు. అందువల్ల డెల్టా ప్రాచీనత తగ్గిందని ఎవరూ అనలేదు. మరమ్మతు లేకపోతే పొలాలకు నీరే ఉండేది కాదు. పాత రూపం మీద మమకారం ఉంటే నన్ను పారేయకండి, కొత్త పైపును కొలిచి కోయడానికి నమూనాగా దాచండి.

"ఇప్పటి డూప్లికేట్ పైపు కన్నా పాతదే నయం" అనేవాళ్లదీ సగం నిజమే. కోసిన అంచులో గుడ్డపొర కనబడని పైపు కొనొద్దు. తిన్నటి పైపును బలవంతంగా వంచితే నీటిదారి నొక్కుకుపోతుంది, వంపులోనే పోతపోసినది కావాలి. దుకాణం అటక మీద ఏళ్లుగా ఉన్న "కొత్త" పైపూ ముసలిదే. వేడినీళ్లకు ఈపీడీఎం రబ్బరు మంచిది, ఓజోన్‌నూ తట్టుకుంటుంది. కానీ నూనె, పెట్రోలు తగిలితే ఉబ్బిపోతుంది. సిలికాన్ ఇంకా వేడిని ఓరుస్తుంది గాని, దాని గోడలోంచి నీటి ఆవిరి ఎక్కువగా పోతుంది, పళ్ల క్లిప్పు దాన్ని కోసేస్తుంది. తీసేటప్పుడు నన్ను మెలితిప్పొద్దు. రేడియేటర్ మూతిని టంకంతో అతికారు, ఊడివస్తుంది. బ్లేడుతో పొడవునా చీల్చి ఒలవండి. మూతి మీది పెచ్చులు గీకి, సబ్బునీళ్లు రాసి కొత్తది ఎక్కించండి, గ్రీజు వద్దు. ఒకసారి వేడెక్కి చల్లారాక క్లిప్పులు మళ్లీ బిగించండి. వరదరోజుల ఎర్రనీరూ, బోరునీరూ కాకుండా డిస్టిల్డ్ వాటర్‌లో కూలెంట్ కలిపి పోయండి.

నా కన్నా తొందరగా చూడాల్సిన దాయాదులున్నారు. పెట్రోలులో ఇథనాల్ కలిపే పథకం 2003లో ఆంధ్రప్రదేశ్‌తో కలిపి తొమ్మిది రాష్ట్రాల్లో 5 శాతంతో మొదలైంది. దేశమంతటా 2022లో 10 శాతానికి, 2025లో 20 శాతానికి చేరింది. పాతకాలపు పెట్రోలు పైపు ఈ ఇంధనం కోసం పుట్టింది కాదు, మెత్తబడుతుంది, చెమరుస్తుంది. పాత అంబాసిడర్ ఇంజన్‌లో కార్బ్యురేటర్, పొగగొట్టం మ్యానిఫోల్డు రెండూ ఒకే పక్కన, ఒకదాని మీద ఒకటి. నేను పగిలితే ఆవిరి లేస్తుంది, పెట్రోలు పైపు కారితే మంట లేస్తుంది. బ్రేకు పైపు లోపల ఉబ్బితే నూనె వెళ్తుంది గాని వెనక్కి రాదు, చక్రం పట్టేసి ఉండిపోతుంది. అందుకే చెడిన ఒక్కదాన్నే మార్చి ఊరుకోవడం పొదుపు కాదు. ఒకే వయసు రబ్బరు ఒకే వరసలో పోతుంది. ఖర్చు మాటకొస్తే, పైపులన్నీ కలిపినా హెడ్డు విప్పించే కూలీకి దీటు రావు. నాలుగైదేళ్లకోసారి, కారినా కారకపోయినా, అందరినీ కలిపి సాగనంపండి. కొత్తవాటి మీద బిగించిన నెల, సంవత్సరం తెల్ల పెయింటుతో రాయండి. ఆ తేదీ కళ్లెదుట ఉంటే "బానే ఉందిలే" అన్న మాటకు చోటుండదు.