మోకాటి పద్యానికి బొగ్గుట్ట టీక

మూలం

వావిలాకు నీళ్ళు వరుసగా పోసుకో
ఆముదమ్ము రాసి యాకు కట్టు
చల్లగాలి వద్దు చన్నీళ్ళు వద్దయా
నెలకు నొప్పి పోవు నిజము నమ్ము

అవతారిక

ఆటవెలది. కర్త తెలియదు, బొగ్గుట్టలో ఏ అరుగు మీద విచారించినా "మా ముసలమ్మ చెప్పిందే" అంటారు. దేశం ఇల్లందు, అదే బొగ్గుట్ట. కాలం సంగతికి వస్తే, ఇక్కడ బొగ్గున్నదని భారత భూగర్భ సర్వే సంస్థకు చెందిన విలియం కింగ్ 1871లో తేల్చాడు, 1889లో తవ్వకం మొదలైంది. అంతకుముందు ఇక్కడివారికి మోకాళ్ళు నొయ్యలేదని కాదు. తట్టా చెమ్మసూ (పారా) పట్టి, బాయిలో (గనిలో) ఒంగి, మోకాళ్ళూని బొగ్గెత్తినవాళ్ళు వచ్చాకే ఈ పద్యానికి శ్రోతలు పెరిగి ఉంటారని వ్యాఖ్యాత ఊహ.

ప్రతిపదార్థం

వావిలాకు నీళ్ళు = వావిలి రెబ్బలు వేసి మరగకాచిన నీళ్ళు; వరుసగా = విడువక, అనగా గ్యాసుబండ ఉన్నన్నాళ్ళు; పోసుకో = పోసికొనుము (కోడలు పోయవలెనని ధ్వని); ఆముదమ్ము రాసి = ఆముదమును గోరువెచ్చగా మర్దించి; ఆకు = వివాదాస్పదము, కింద చూడుడు; కట్టు = పాత పంచెగుడ్డతో బిగించుము; చల్లగాలి, చన్నీళ్ళు వద్దు = పథ్యము; నెలకు = ఈ పదం దగ్గర జాగ్రత్త; నిజము నమ్ము = ఋజువు అడుగకుము.

"పోసుకో" పక్కన "ఆముదమ్ము" వచ్చినా యడాగమం చేయలేదేమని పండితులు అడగవచ్చు. మోకాటి సంధే పట్టేసిన కవి వ్యాకరణ సంధి జోలికి పోలేదు.

పాఠాంతరం

అడవి వైపు కోయగూడేల్లో రెండో పాదం "ఇప్పనూనె రాసి" అని వినబడుతుంది. గణాలు సరిపోతాయి, యతి చెడుతుంది. ఇప్పపలుకుల నూనెతో కూర వండుకుని, ఆ నూనే ఒంటికి రాసుకునేవారిని యతి అడగడం మర్యాద కాదు.

"రాగికడెం తొడుగు" అంటూ మొదలయ్యే మరో పద్యం ప్రక్షిప్తం. ఇంగ్లండులోని యార్క్ విశ్వవిద్యాలయం వారు 70 మంది కీళ్ళవాతం రోగులకు రాగి కడేలూ అయస్కాంతపు పట్టీలూ ఉత్తుత్తి పట్టీలూ మార్చి మార్చి తొడిగి చూసి, 2013లో ఫలితం ప్రకటించారు. నొప్పిలోగాని వాపులోగాని తేడా లేదు. చేతికి పచ్చటి మరక మిగలవచ్చు.

విశేషం

ఏ ఆకో కవి చెప్పలేదు. జిల్లేడని కొందరు, ఆముదపు ఆకేనని కొందరు. జిల్లేడు పక్షంవారికి ఒక మాట: ఆ పాలు అంటిన వేలితో కన్ను నలుపుకుంటే మోకాలి సంగతి మరచిపోయి కంటి ఆసుపత్రికి పోవాలి. నల్లజీడి పక్షంవారు ఇంకా సాహసులు. దాని రసానికి చర్మం పొక్కి పుండు పడుతుంది. ఆ మంట ముందు కీలునొప్పి చిన్నదనిపించడం వైద్యమెలా అవుతుందో వారే చెప్పాలి.

వావిలాకుతో ఎలుకలకు వాపు తగ్గినట్టు ప్రయోగాలున్నాయి. ఇల్లందు మోకాలికి ఎలుక సాక్ష్యం చాలదు. వేడినీళ్ళకు మాత్రం ఒప్పుకోవాలి. బిగిసిన కండరం సడలుతుంది, మర్దన చేసే చేయి హాయినిస్తుంది. ఆ హాయి పూటకే గాని అరిగిన మృదులాస్థి దానితో తిరిగి మొలవదు.

ఇక కవి చాతుర్యమంతా మూడో పాదంలో ఉంది. చుట్టూ అడవి, డిసెంబరు మంచు, తెల్లవారుజామున బయటికి పోక తప్పని బతుకు. నెలరోజులు చల్లగాలి తగలకుండా ఇల్లందులో ఉన్నవారెవరు? నొప్పి తగ్గితే మందు గొప్ప. తగ్గకపోతే "గాలి తగిలుంటది". ఓడిపోయే దారే లేకుండా కట్టిన పాదమిది. వాతావరణానికీ నొప్పికీ పొత్తుందా అని రెడెల్‌మయర్, ట్వెర్స్కీ అనేవారు 18 మంది రోగులను 15 నెలలు గమనించి, 1996లో లేదన్నారు. 2019లో మాంచెస్టర్ వారు వేలమందిని పరిశీలించి, తేమ ఎక్కువైన రోజుల్లో కొద్దిపాటి సంబంధం ఉందన్నారు. కొద్దిపాటిదే.

నాలుగో పాదంలో "నెలకు" అన్నది అసలు మందు. కీళ్ళనొప్పి పెరుగుతూ తగ్గుతూ ఉంటుంది. మనం ముసలమ్మ గడప తొక్కేది అది బాగా పెరిగిన నాడే. ఆ తరవాత నెలలో అది ఎలాగూ కొంత దిగుతుంది. కీర్తి వావిలికి పోతుంది.

పద్యంలో లేనిదొకటి ఉంది: నొప్పి ఎందుకొచ్చిందన్న ప్రశ్న. బొగ్గుగని కార్మికుల మోకాళ్ళను ఎక్స్‌రే తీసి, అరుగుదల ఎక్కువని కెల్‌గ్రెన్, లారెన్స్ 1952లోనే రాశారు. బ్రిటన్ ప్రభుత్వం 2009లో దాన్ని వృత్తివ్యాధుల జాబితాలో చేర్చింది. మన కవి ఆముదం దాకా వచ్చి బాయి దాకా పోలేదు.

తాత్పర్యం

ఓ రిటైరైన కార్మికుడా, వావిలాకు నీళ్ళు పోసుకో, ఆముదం రాసుకో. నీళ్ళు మరీ మరిగినవి కాకుంటే నష్టం లేదు. తొడ కండరాలకు వ్యాయామం, ఒంటి బరువు తగ్గడం అనేవి పద్యంలో లేకున్నా మోకాటి అరుగుదలకు పనిచేస్తాయని పరీక్షల్లో తేలింది. రెండ్రోజుల్లో నొప్పి మాయం చేసే పేరులేని పొడి పొట్లం మాత్రం ముట్టకు. అలాంటి పొడుల్లో స్టెరాయిడ్లు కలిపి అమ్మడం తనిఖీల్లో పలుమార్లు బయటపడింది. అవి షుగరు పెంచుతాయి, ఎముకలను గుల్ల చేస్తాయి. ఒక్కసారిగా మానినా ప్రమాదమే. పొద్దున లేచాక వేళ్ళ కీళ్ళు గంటసేపు బిగిసి ఉన్నా, వాచి వేడిగా ఉన్నా అది అరుగుదల కాకపోవచ్చు, కీళ్ళవాతం కావచ్చు. దానికి నెల గడువు ఇవ్వకు. మందు తొందరగా మొదలైతేనే కీలు వంకర పోకుండా నిలుస్తుంది. ఈ వారమే డాక్టరుకు చూపించుకో.