మైపాడు వాక్యానికి సర్వంకష వ్యాఖ్య

మూలం: గోల్డెన్ అవర్‌లో కాంతితో ఆత్మల్ని బంధిస్తాను. నో ఫిల్టర్.

అవతారిక. ఈ మూలం మైపాడు బీచ్‌లో తీసిన ఫొటోల కింద వెలసింది. మూలకర్త నెల్లూరువాడు, వృత్తికి రొయ్యల మేత వ్యాపారి, ప్రవృత్తికి పోర్ట్రెయిట్ ఫొటోగ్రాఫరు. కెమెరా కొన్నాక పేరు చివర ‘ఫొటోగ్రఫీ’ వచ్చి చేరింది, ఇంటిపేరు రాలిపోయింది. నాకు దగ్గరి చుట్టం గనుక ఉన్న పేరు కూడా నేను చెప్పను. నేర్చుకునేవాళ్లంటే నాకు చిన్నచూపు లేదు. వేదం వేంకటరాయశాస్త్రిగారు 1899లో ఇదే నెల్లూరులో ఆంధ్ర భాషాభిమాని సమాజం పెట్టి ఔత్సాహికుల చేతే నాటకాలు ఆడించారు. శృంగార నైషధానికి ‘సర్వంకష’ రాసిందీ ఆయనే. ఆ పేరును ఇలాంటి మూలానికి తగిలించినందుకు పెద్దలు క్షమింతురు గాక. ఆధారం లేనిది రాయననీ, అక్కర్లేనిది చెప్పననీ మల్లినాథసూరి ప్రతిజ్ఞ చేశాడు. నేనైతే అటువంటి ప్రతిజ్ఞ ఏదీ చేయడం లేదు.

టీక. గోల్డెన్ అవర్‌లో: ఈ ‘లో’ అధికరణార్థంలో వచ్చింది. అంటే ఆ వేళకు కర్త అక్కడ ఉండాలి. ఉండడు. సూర్యుడు దిగంతం నుంచి ఆరు డిగ్రీల ఎత్తుకు ఎక్కేదాకా ఉండే మెత్తని వెలుగుకు ఆ పేరు. లండన్‌లో సూర్యుడు ఏటవాలుగా, తీరిగ్గా ఎక్కుతాడు. నెల్లూరు అక్షాంశం 14 డిగ్రీల పైచిలుకే గనుక ఇక్కడ దాదాపు నిట్టనిలువునా లేస్తాడు, పాతిక నిమిషాల్లో ఆరు డిగ్రీలూ దాటేస్తాడు. మన పూర్వుల ఘడియ 24 నిమిషాలు. కాబట్టి మైపాడులో ఉండేది గోల్డెన్ అవర్ కాదు, గోల్డెన్ ఘడియ! ఈ సిద్ధాంతం నాకు ముందు ఎవరైనా చేశారేమో గానీ, నెల్లూరు పంచాంగాల్లో మాత్రం కనబడలేదు. దుర్ముహూర్తం పక్కన ‘పోర్ట్రెయిట్ ఘడియ’ అని ఇంకో గడి వేస్తే పంచాంగకర్తలకు పోయేదేముంది? రెండు ఘడియలు ఒక ముహూర్తం. పెళ్లిలో ఆ ముహూర్తం దాటిపోతోందని గావుకేకలు పెట్టే పెద్దలు, అదే జంట ప్రీవెడ్డింగ్ షూట్‌కి మేకప్ ముగించుకుని పొద్దున పదింటికి ఇసకలో దిగుతుంటే పల్లెత్తు మాటనరు. ఏప్రిల్ చివర్లో, ఆగస్టు నడిమధ్యలో మిట్టమధ్యాహ్నం సూర్యుడు ఈ ఊరికి సరిగ్గా నడినెత్తిన ఉంటాడు. అప్పుడు కనుబొమల నీడ పడి కళ్లు రెండు గుంటలవుతాయి. మూలకర్త ఆ నీడల్ని ‘మూడ్’ అన్నాడు.

సాయంత్రం మాటకొస్తే విరోధాభాసాలంకారం. ‘మైపాడు సన్‌సెట్’ అన్న ఫొటోలో సూర్యుడు సముద్రంలోకి దిగుతున్నాడు. మైపాడు తూర్పు తీరం. ఇక్కడ సాయంత్రం సూర్యుడు సరుగుడు తోటల వెనక్కి పోతాడు. ఆ వేళ సముద్రంలో ఏదైనా కనబడితే అది పున్నమి చంద్రుడే. గోవా ఫొటోలు చూసి చూసి, లేని సూర్యుణ్ణి యాప్‌లో తెచ్చి అతికించాడన్నమాట. పోనీ అంటే, అసలు వరం ఆ పడమటి వైపే ఉంది! సముద్రానికి వీపు పెట్టి నిలబడ్డ మనిషి ముఖాన పడమటి ఎండ తిన్నగా పడుతుంది, వెనక నీళ్లు నీలంగా నిలుస్తాయి. పడమటి తీరం వాళ్లకు ఆ యోగం పొద్దున్నే లేస్తే గానీ లేదు. మనవాడు పెళ్లికూతుర్ని ఆ ఎండకు వీపు పెట్టించి ‘నడుచుకుంటూ పోమ్మా’ అంటాడు. ముఖం తీయడం రానివాడికి వీపే పోర్ట్రెయిట్.

కాంతితో: స్పష్టము. చిక్కు ఉన్నచోట ‘స్పష్టము’ అని రాసి దాటేయడం వ్యాఖ్యాతలకు ఆనవాయితీ. కానీ ఒక్క ముక్క చెప్పకపోతే నాకు నిద్ర పట్టదు. దీపం ముఖానికి ఎంత పెద్దగా, ఎంత దగ్గరగా ఉంటే నీడ అంచు అంత మెత్తన. దూరం రెట్టింపైతే వెలుగు నాలుగో వంతే. ఈ రెండూ తెలిస్తే కిటికీ చాలు. ఒక పక్కన కాస్త ఎత్తున దీపం పెడితే అవతలి చెంప నీడలో, కంటి కింద వెలుగు త్రికోణం మిగులుతుంది. దానికి డచ్చి చిత్రకారుడు రెంబ్రాంట్ (1606–1669) పేరు పెట్టారు. ఆ త్రికోణం కోసం మూలకర్త తన బామ్మర్దిని హాల్లో కుర్చీలో కూర్చోబెట్టాడు. లైటు గొడుగు స్టాండు పడిపోతుందని ఫ్యాను కట్టేశాడు. మే నెల. ముక్కు మీద చెమట, చొక్కా తడి, త్రికోణం మాత్రం రాలేదు. గొడుగు ఎక్కడో గోడ మూలన ఉంది. “బావా, ఆ మూడు మూలలదేందో కనబడినప్పుడు జెప్పు, అప్పుడొచ్చి కూర్చుంటా” అని వాడు లేచిపోయాడు.

రిఫ్లెక్టరుదీ అదే గతి. మడత విప్పగానే సముద్రపు గాలి దాన్ని ఎగరేసుకుపోతే పాలెం పిల్లకాయలు పడవల మధ్య నుంచి ఏరుకొచ్చారు. రొయ్యలు ప్యాక్ చేసే థర్మోకోల్ పెట్టె మూత అంతకంటే మెత్తని వెలుగిస్తుంది. అవి ఆయన గోడౌన్ పక్కనే గుట్టగా పడి ఉంటాయి. ఊరికే వచ్చే వస్తువు గనుక కళగా తోచలేదు.

నో ఫిల్టర్: ఈ పదాలకు అన్వయం కుదరదు. పెళ్లికూతురిది చామనఛాయ, ఫొటోలో పాలఛాయ. కొంత కెమెరా పాపం లేకపోలేదు. అందులోని వెలుగు మీటరు చూసిన ప్రతిదాన్నీ నడిమి బూడిదరంగుకు తేవాలని చూస్తుంది. మెరిసే ఇసక ముందు ముఖాన్ని ఇంకా నల్లబరుస్తుంది. నల్లని ముఖమే ఫ్రేము నిండా ఉంటే వెలిసిపోయేలా చేస్తుంది. ఫిలిం రోజుల్లో కొడాక్ వాళ్లు ల్యాబులకు ఇచ్చిన ‘షర్లీ కార్డు’ మీద దశాబ్దాలు తెల్లామే ఉండేది, ప్రింటులో చర్మం రంగును ఆమెతోనే సరిచూసేవారు. అదంతా సరే, ఇప్పుడు తెలుపు బటను నొక్కుతున్నది మన వేలే కదా.

అదీ ఏ ఊళ్లో! మనుమసిద్ధి కొలువులో, 13వ శతాబ్దంలో, తిక్కన ఉన్న ఊళ్లో. ఆయన తెనిగించిన పదిహేను పర్వాల్లో మొదటిది విరాటపర్వం. అందులో ద్రౌపది సైరంధ్రి వేషంలో కొలువు కోరి వస్తే, ఈ అందాన్ని రాజు చూస్తే నా గతేమిటని రాణి సుదేష్ణ బెదిరింది. ఆ అందం రంగు నలుపు, ఆమె పేరే కృష్ణ. అదే పర్వంలో అర్జునుడు ఉత్తరుడికి చెప్పుకున్న పది పేర్లలో ఒకటి కృష్ణుడు. సారథి కృష్ణుడు. గ్రంథకర్త కృష్ణద్వైపాయనుడు. రాసినవాడు, నడిపినవాడు, గెలిచినవాడు, పంతం పట్టి గెలిపించిన ఇల్లాలు, అందరూ నల్లనివాళ్లే. ఈ నలుగుర్నీ మన మూలకర్త ముందు నిలబెడితే వ్యాసుణ్ణి కూడా తెల్లగా చేసి, గడ్డం నున్నగా చేసి పంపేవాడు. ఆ పెళ్లికూతురు ఫొటో చూసి “నేను ఇట్టా లేనే” అందట. దాన్ని పొగడ్త అనుకున్నాడు.

ఎక్కడున్నాం? ఆత్మల్ని బంధిస్తాను. ఇందులో క్రియకు కర్మ ఉంది. ఆత్మ ఎవరిదో చెప్పే షష్ఠి మాత్రం లేదు. నా అసలు పేచీ ఈ లోపించిన షష్ఠితోనే.

పాలెంలో ఒక అవ్వ ఉంది. ఎండుచేపలు ఏరుతూ గుమ్మం లోపల, నీడలో కూర్చుంది. బయట ఇసక మీది వెలుగు లోపలికి పరుచుకుని, చెవి కమ్మ దగ్గర్నుంచి మెడ దాకా మెల్లగా దిగింది. గొడుగూ లేదు, త్రికోణమూ లేదు. మూలకర్త ఆ ఒక్కసారి ఏమీ సర్దకుండా తీశాడు. మంచి ఫొటో, ఈర్ష్యపడేంత మంచి ఫొటో. తరవాత దాన్ని నలుపుతెలుపు చేసి, ముడతలు చెక్కినట్టు పైకి లేపి, చెంప మీద తన పేరు వేసుకుని, ‘ప్రతి ముడతా ఒక కథ’ అని రాశాడు. కథ ఏమిటని అడగలేదు. పేరు కూడా అడగలేదు.

మొన్న మైపాడు పోతే అవ్వ నన్ను పట్టుకుంది. “ఆ కెమెరా అబ్బయ్య మళ్లా రాలేదే? ఒక కాయితం మీద దీసి ఇమ్మను సామీ. పటం కట్టించుకుంటా. నేను పోయినాక మావాళ్లు యాడ ఎతుక్కుంటారు?” ఆయనకు చెప్పాను. పోటీకి పంపాడట, ఫలితాలు వచ్చేదాకా ఎవరికీ ఇవ్వకూడదట.

తాత్పర్యం. అబ్బయ్యా, ట్రంకురోడ్డులో ప్రింట్లు వేసే స్టూడియోలు ఇంకా తెరిచే ఉన్నాయి. చెంప మీద నీ పేరు తీసేసి, అవ్వకు ఆ ఫొటో వేయించి ఇచ్చి రా.