విదేశాంగ విధానం: వాడే విధానం

అధ్యక్షులవారికి నమస్కారం. ఎన్నికల్లో గెలిచారు, ప్రమాణ స్వీకారం అయింది, మెడలో దండలు వాడిపోయాయి. ఇక ప్రపంచాన్ని నడపాలి. కంగారు పడకండి. ప్రపంచం దాని మానాన అది నడుస్తుంది. దాన్ని తమరే నడుపుతున్నట్టు రేపటి పేపర్లో రావాలి, అదీ అసలు పని. ఈ విద్యలో ఘనాపాఠీలు ఇద్దరే ఇద్దరు: రిచర్డ్ నిక్సన్, ఆయన జాతీయ భద్రతా సలహాదారు హెన్రీ కిసింజర్. 1969 నుంచి 1974 దాకా వాళ్ళు వైట్‌హౌస్‌లో చేసి చూపించిన వాటిని పాఠాలుగా విడగొట్టి ఇస్తున్నాం. శ్రద్ధగా చదివి ఆచరించండి. ఫలితాలకు మాత్రం మా పూచీ లేదు.

మొదటి పాఠం: విదేశాంగ మంత్రి ఎంపిక

పెద్దమనిషిని, నెమ్మదస్తుణ్ణి, వీలైతే పాత స్నేహితుణ్ణి ఎంచుకోండి. విదేశీ వ్యవహారాల్లో ఆరితేరినవాడు కాకపోతే మరీ మంచిది. నిక్సన్ ఎంచుకున్న విలియం రోజర్స్ పేరున్న లాయరు, ఐసెన్‌హోవర్ హయాంలో అటార్నీ జనరల్. ఆయనకు శాఖ ఇచ్చారు, భవనం ఇచ్చారు, వేలమంది ఉద్యోగుల్ని ఇచ్చారు. సమాచారం మాత్రం ఇవ్వలేదు. అది వైట్‌హౌస్‌లో కిసింజర్ గదిలోనే ఆగిపోయేది.

మంత్రిని పక్కన పెట్టడం వేరు, అవమానించడం వేరు. ఆ తేడా తెలియాలి. 1972 ఫిబ్రవరిలో నిక్సన్ చైనా వెళ్ళినప్పుడు మావోతో భేటీకి రోజర్స్‌ని పిలవలేదు. కిసింజర్ సహాయకుడు విన్‌స్టన్ లార్డ్ మాత్రం నోట్స్ రాసుకోవడానికి లోపలికి వెళ్ళాడు. మంత్రిగారు బయట, కుర్ర సహాయకుడు లోపల అని లోకానికి తెలిస్తే ఏం బాగుంటుంది? అందుకని బయటికి ఇచ్చిన ఫొటోల్లో లార్డ్ కనబడకుండా కత్తిరించేశారు. మంత్రిని లోపలికి పిలవడం కన్నా సహాయకుణ్ణి ఫొటోలోంచి తీసేయడం తేలిక. మర్యాద అంటే అది.

రెండో పాఠం: యుద్ధానికి మెనూ కార్డు

తటస్థ దేశం మీద బాంబులు వేయాల్సి వస్తే ముందు ఆ పనికి ఒక ముద్దుపేరు పెట్టండి. 1969 మార్చి 18న కంబోడియా మీద బి-52 విమానాలు మొదలుపెట్టిన దాడి పేరు బ్రేక్‌ఫస్ట్. తరవాత లంచ్, డిన్నర్, స్నాక్, డిజర్ట్, సప్పర్. అన్నీ కలిపి ఆపరేషన్ మెనూ. బాంబులు కంబోడియాలో పడ్డాయి, రికార్డుల్లో దక్షిణ వియత్నాంలో పడ్డట్టు రాశారు. వడ్డన ఒక ఇంట్లో, విస్తరాకుల లెక్క ఇంకో ఇంట్లో.

ఇంత గుట్టు ఎవరి దగ్గర? బాంబు ఎవరి పొలంలో పడిందో ఆ కంబోడియా రైతుకు తెలుసు. సరిహద్దు అడవుల్లో తలదాచుకున్న ఉత్తర వియత్నాం సైన్యానికి తెలుసు. హనోయ్ ప్రభుత్వానికి తెలుసు. తెలియకూడనిది అమెరికా ఓటరుకీ, అక్కడి పార్లమెంటుకీ. శత్రువుకు తెలిసినా ఫరవాలేదు, సొంత జనానికి తెలియకూడదు. ఈ ఒక్క సూత్రం వంటబడితే మిగతా పాఠాలన్నీ వాటంతటవే వస్తాయి.

మే 9న న్యూయార్క్ టైమ్స్‌లో విలియం బీచర్ ఈ దాడుల సంగతి రాసేశాడు. దేశం అట్టుడికిపోయిందా? లేదు. చదివినవాళ్ళు చదివి పేజీ తిప్పేశారు. తమబోటివారైతే ఊపిరి పీల్చుకుని ఊరుకునేవారు. ఘనాపాఠీలు అలా ఊరుకోరు. సొంత అధికారులు 13 మంది, విలేకరులు నలుగురు, మొత్తం 17 మంది ఫోన్లు ఎఫ్‌బీఐ చేత వినిపించారు. కిసింజర్ దగ్గర పనిచేసిన మోర్టన్ హాల్పరిన్ ఉద్యోగం మానేసి ప్రతిపక్ష సెనేటర్‌కి సలహాలిస్తున్నా ఆయన ఫోను మాత్రం వింటూనే ఉన్నారు. లీకు చేసిందెవరో తేలలేదు. విన్నవాళ్ళెవరో మాత్రం తరవాత దేశమంతటికీ తేలింది.

మూడో పాఠం: కడుపునొప్పి

దొంగచాటు ప్రయాణానికి జబ్బు కావాలి. జ్వరమైతే థర్మామీటరు పెడతారు. కాలు బెణికిందంటే కట్టు కట్టాలి. కడుపునొప్పికి సాక్ష్యం అక్కర్లేదు. పైగా అప్పుడే ఇండియాలో భోంచేసి వచ్చిన తెల్లదొర కడుపు పట్టుకుంటే రెండో ప్రశ్న వేసేవాడే ఉండడు.

1971 జులైలో కిసింజర్ ముందు దిల్లీ వచ్చాడు. ఇందిరాగాంధీతో మాట్లాడాడు, తాను చైనా వెళ్తున్న ఊసెత్తలేదు. 8న ఇస్లామాబాద్ చేరాడు. కడుపులో బాగోలేదన్నాడు. పాకిస్తాన్ అధ్యక్షుడు యాహ్యా ఖాన్ ఇంటిపెద్దలా పట్టుబట్టి, నథియాగలీ కొండగాలి పడితే తగ్గుతుందన్నాడు. మర్నాడు కార్ల వరస ఒకటి ఆ కొండదారి పట్టింది. కిసింజర్ అందులో లేడు. తెల్లవారకముందే చక్లాలా విమానాశ్రయంలో పాకిస్తాన్ ఎయిర్‌లైన్స్ బోయింగ్ ఎక్కాడు. తోడు రావడానికి చైనా అధికారులు అప్పటికే అందులో కూర్చుని ఉన్నారు. గాల్లోకి లేచాక తెలిసింది, సంచిలో మార్చుకోవడానికి చొక్కాల్లేవని. తోటి అధికారి జాన్ హోల్‌డ్రిజ్‌వి అరువు తీసుకున్నాడు. ఆయన ఆజానుబాహువు, ఈయన పొట్టి. ఆ చొక్కాల మీద మేడిన్ తైవాన్ అని ఉంది. చైనా ప్రధాని చౌ ఎన్ లైతో తైవాన్ సంగతి తేల్చడానికి వెళ్తున్న మనిషి ఒంటిమీద తైవాన్ చొక్కా! ఎంత పకడ్బందీ ఏర్పాటులోనైనా ఒక చొక్కా లెక్క తప్పుతుంది, గుర్తుపెట్టుకోండి.

జులై 15 రాత్రి నిక్సన్ టీవీలో కనబడి, తాను చైనా వెళ్తున్నానని కొద్ది నిమిషాల్లో చెప్పేశాడు. లోకం నోరు వెళ్ళబెట్టింది. మన రోజర్స్‌కి కూడా కిసింజర్ దారిలో ఉండగా గానీ చెప్పలేదు.

ఇక ఖర్చు లెక్క. గుమ్మం చూపించిన మధ్యవర్తిని నొప్పించకూడదు. ఆ మధ్యవర్తి సైన్యం మార్చి 25 రాత్రి నుంచి తూర్పు పాకిస్తాన్‌లో సొంత ప్రజల మీద పడింది. ఢాకాలో అమెరికా కాన్సల్ జనరల్ ఆర్చర్ బ్లడ్ చూసింది చూసినట్టు రాసి పంపాడు. ఏప్రిల్ 6న అక్కడి అమెరికన్ అధికారులు 20 మంది సంతకాలతో, మన ప్రభుత్వం నోరు మూసుకోవడం నైతిక దివాలా అంటూ ఒక టెలిగ్రాం వెళ్ళింది. నెల తిరక్కుండా నిక్సన్ ఫైలు మీద స్వదస్తూరీతో యాహ్యాని ఇప్పుడు ఒత్తిడి చేయొద్దని రాసి, వద్దన్న మాట కింద మూడు గీతలు గీశాడు. బ్లడ్‌ని ఢాకా నుంచి తీసేశారు. కోటిమంది దాకా శరణార్థులు సరిహద్దు దాటి ఇండియాకి వచ్చారు. ఇలాంటివి గైడ్లలో సాధారణంగా వేయరు. వేస్తే కడుపునొప్పి కథలో సరదా పోతుంది.

నాలుగో పాఠం: ఊరూ పేరూ లేని అధికారి

మనకు విశ్వసనీయ వర్గాల భోగట్టా అని ఉంటుందే, వాషింగ్టన్‌లో దాని పేరు బ్యాక్‌గ్రౌండ్ బ్రీఫింగ్. అధికారి మాట్లాడతాడు, విలేకరులు రాసుకుంటారు, పేరు మాత్రం వేయరు. చెప్పినవాడికి పూచీ లేదు, రాసినవాడికి వార్త దొరికింది. ఉభయతారకం. కిసింజర్ దీన్ని కళ స్థాయికి తీసుకెళ్ళాడు. విమానంలో వచ్చిన సీనియర్ అధికారి అని పేపర్లో చదివితే ఆ బొంగురు గొంతు ఎవరిదో వాషింగ్టన్‌లో ప్రతివాడికీ తెలిసేది.

అయితే ఒక హెచ్చరిక. ఈ పని చేసేటప్పుడు శత్రువులు దగ్గరున్నా ఫరవాలేదు, మిత్రులు ఉండకూడదు. 1971 డిసెంబరు 7న, భారత్-పాక్ యుద్ధం జోరుమీదుండగా, మాకు ఇండియా మీద వ్యతిరేకత ఏమీ లేదని కిసింజర్ పేరు చెప్పకుండా విలేకరులకు చెప్పాడు. సొంత పార్టీ సెనేటర్ బారీ గోల్డ్‌వాటర్‌కి అది భలే నచ్చింది. నచ్చి, మొత్తం పాఠాన్ని పేరుతో సహా కాంగ్రెస్ రికార్డులో అచ్చువేయించాడు. దిల్లీలో అమెరికా రాయబారి కెనెత్ కీటింగ్ అది చదివి, నాకు తెలిసిన నిజాలకూ దీనికీ పొంతన కుదరడం లేదని తంతి పంపాడు. వారం తిరిగేసరికి ఇంకోటి. నిక్సన్‌తో విమానంలో తిరిగి వస్తూ, రష్యా ఇండియాని అదుపులో పెట్టకపోతే అధ్యక్షుడి మాస్కో యాత్ర సంగతి మళ్ళీ ఆలోచించాల్సి వస్తుందని సీనియర్ అధికారి సెలవిచ్చాడు. వాషింగ్టన్ పోస్ట్ మర్యాద పక్కన పెట్టి పేరు వేసేసింది.

అసలు దెబ్బ కాలమిస్టు జాక్ ఆండర్సన్ కొట్టాడు. పాకిస్తాన్ వైపు మొగ్గాలని అధ్యక్షుడు అరగంటకోసారి తన ప్రాణం తోడేస్తున్నాడని డిసెంబరు 3న కిసింజర్ లోపలి సమావేశంలో చెప్పాడు. ఆ సమావేశాల మినిట్స్ ఆండర్సన్ చేతికి చిక్కాయి. ఆయన కాలమ్‌లో ఒక్కొక్కటే బయటపెట్టాడు, 1972 జనవరిలో పత్రాల పాఠం అచ్చయింది, ఆ ఏడాదే పులిట్జర్ వచ్చింది. వ్యతిరేకత లేదన్నది బయటి మాట, మొగ్గు లోపలి మాట. రెండింటికీ మధ్య నాలుగు రోజుల తేడా.

ఈలోగా బంగాళాఖాతానికి విమానవాహక నౌక ఎంటర్‌ప్రైజ్‌ని పంపారు. ఎందుకంటే, ఢాకాలో చిక్కుకున్న అమెరికన్లను తేవడానికట! అది చేరేసరికి యుద్ధం ముగింపుకొచ్చింది, 16న ఢాకాలో పాక్ సైన్యం లొంగిపోయింది. అమెరికన్ సరుకు మన తీరానికి అంతకుముందే ఒకటి వచ్చింది. డిసెంబరు 3 అర్ధరాత్రి దాటాక విశాఖపట్నం రేవు ముందు మునిగిన పాక్ సబ్‌మెరైన్ ఘాజీ అమెరికాలో తయారైందే. అక్కడ దాని పేరు డయాబ్లో. విశాఖ బీచ్‌లో యుద్ధ విజయ స్తూపం దగ్గర సెల్ఫీలు దిగేవాళ్ళలో ఎంతమందికి ఈ వాషింగ్టన్ పాఠం గుర్తొస్తుందో!

ఐదో పాఠం: లీకులకు ప్లంబర్లు

1971 జూన్ 13న న్యూయార్క్ టైమ్స్ వియత్నాం యుద్ధం మీది రహస్య పత్రాలు, పెంటగాన్ పేపర్స్, అచ్చువేయడం మొదలుపెట్టింది. అందులో ఉన్నది నిక్సన్ తప్పులు కావు, ఆయనకు ముందున్న అధ్యక్షులవి. కాళ్ళు చాపుకుని చదువుకోవచ్చు. కానీ లీకు లీకే కదా! కోర్టుకెళ్ళారు, సుప్రీంకోర్టులో 6-3తో ఓడిపోయారు. తరవాత లీకులు ఆపడానికి ఒక రహస్య దండు పెట్టుకున్నారు, వాళ్ళే ప్లంబర్లు. పత్రాలు బయటపెట్టిన డేనియల్ ఎల్స్‌బర్గ్‌ని అప్రదిష్ట పాలు చేయడానికి ఆ దండు ఆయన మానసిక వైద్యుడి ఆఫీసులో దొంగతనంగా జొరబడింది. ఆ జొరబాటూ, హాల్పరిన్ ఫోనులో ఎల్స్‌బర్గ్ మాటలు విన్న సంగతీ కోర్టుకి తెలిసి 1973 మేలో జడ్జి కేసు కొట్టేశాడు. నిందితుడు ఇంటికి, ప్లంబర్లు జైలుకి.

ఆండర్సన్‌కి పత్రాలు ఎవరిచ్చారని వెతుకుతుంటే ఇంకో పాము బయటపడింది. వైట్‌హౌస్‌లో పనిచేసే నేవీ గుమస్తా ఒకడు కిసింజర్ బ్రీఫ్‌కేసులోని కాగితాలు కాపీలు తీస్తున్నాడు. ఎవరికోసం? రష్యా కోసం కాదు. అమెరికా త్రివిధ దళాల అధిపతుల కమిటీ ఛైర్మన్ అడ్మిరల్ మూరర్ కార్యాలయం కోసం. విదేశాంగ మంత్రికి చెప్పరు, రక్షణశాఖకు చెప్పరు, సైన్యాధిపతులకు చెప్పరు. మరి వాళ్ళేం చేస్తారు, దొంగిలించి తెలుసుకుంటారు. నిక్సన్ ఏం చేశాడు? బయటికి పొక్కకుండా కప్పెట్టాడు. గుమస్తాకి బదిలీ, అడ్మిరల్‌కి అదే పదవిలో ఇంకోసారి నియామకం. న్యాయం ఎప్పుడూ హోదా చూసి చేయాలి.

ఆరో పాఠం: టీవీ ముహూర్తం

చైనాలో నిక్సన్ దిగింది అక్కడి ఉదయం, అమెరికాలో ఆదివారం రాత్రి. జనమంతా టీవీల ముందున్న వేళ. 1954లో జెనీవాలో అమెరికా విదేశాంగ మంత్రి డల్లెస్ చౌ ఎన్ లైతో చెయ్యి కలపలేదని ప్రతీతి. ఇప్పుడా చెయ్యి ఒక్క నిక్సనే కలపాలి. అందుకని రోజర్స్, కిసింజర్ వెనకాలే దిగిపోకుండా విమానం నడవాలో ఒక బలిష్ఠుణ్ణి అడ్డం నిలబెట్టారు. తిరుగు ప్రయాణంలో అలాస్కాలో గంటల తరబడి ఆగారు. ఇంధనం కోసం కాదు, వాషింగ్టన్‌లో చీకటి పడి జనం టీవీ పెట్టుకోవడం కోసం. చరిత్ర ఎదురుచూస్తుంది, ప్రేక్షకులు ఎదురుచూడరు.

ఏడో పాఠం: అంతా రికార్డు చేయించండి

1971 ఫిబ్రవరి నుంచి నిక్సన్ తన గదిలో ప్రతి మాటా టేపు చేయించాడు. ఆ సంగతి కిసింజర్‌కి తెలియదు. కిసింజర్ తన ఫోన్ సంభాషణలన్నీ సెక్రటరీల చేత విని రాయించుకున్నాడు, అధ్యక్షుడివి సహా. ఒకరి మీద ఒకరికి అంత నమ్మకం! టేపుల సంగతి 1973 జులై 16న వైట్‌హౌస్ మాజీ సహాయకుడు అలెగ్జాండర్ బటర్‌ఫీల్డ్ సెనేట్ కమిటీకి చెప్పాడు. ఏడాది తిరిగి మరికొన్ని రోజులకు నిక్సన్ రాజీనామా చేశాడు. 2005లో బయటికొచ్చిన పత్రాల్లో ఇద్దరూ కలిసి ఇందిరాగాంధీని తిట్టిన బూతులు చూసి, కిసింజర్ ముప్పై నాలుగేళ్ళ తరవాత విచారం వెలిబుచ్చాడు.

కాబట్టి విలేకరుల ఫోన్లు వినే ఖర్చు మిగుల్చుకోండి. తమ గురించి వాళ్ళు రాయగలిగినదానికన్నా ఘోరమైనవన్నీ తమరే భద్రంగా రాయించి పెడుతున్నారు. ఆ ఐదున్నరేళ్ళలో దొంగతనం, గోడచాటు వినికిడి, కడుపునొప్పి ఏదీ అక్కర్లేకుండా నిజం నేరుగా వాషింగ్టన్ చేరిన సందర్భం ఉంది, ఢాకా నుంచి 20 సంతకాలతో. తమ హయాంలో అలాంటి టెలిగ్రాం ఏదైనా వస్తే పొరపాటున కూడా చదవకండి. పంపినవాణ్ణి వెంటనే బదిలీ చేయండి. చదివితే ఈ గైడుతో తమకు పని లేకుండా పోయే ప్రమాదముంది.