రసీదు ఉన్నవాడికే తాఖీదు

"మీ కంప్యూటర్లో డీబగ్గర్ నడుస్తోంది. దాన్ని తొలగించి మళ్ళీ ప్రయత్నించండి."

రాత్రి పదకొండున్నరకి, ఆస్ట్రేలియాలోని వెస్ట్‌మీడ్‌లో మా వంటింటి బల్ల దగ్గర, నా డబ్బుతో నేను కొన్న సాఫ్ట్‌వేర్ నాకు జారీ చేసిన తాఖీదు ఇది.

నేరమేమిటంటే, మా తాతగారి హరికథ క్యాసెట్లలో బుస తగ్గించే చిన్న ప్లగిన్ రాసుకోబోవడం. శబ్దాలు ఎడిట్ చేసే సాఫ్ట్‌వేర్‌కి ఏడాది లైసెన్సు కట్టాను. ప్లగిన్లు రాసుకో నాయనా అని కిట్టు చేతికిచ్చింది కూడా ఆ కంపెనీయే. రాశాను. లోడ్ చేయగానే సాఫ్ట్‌వేర్ కుప్పకూలింది. ఎందుకు కూలిందో చూద్దామని డీబగ్గర్ తగిలిస్తే అసలు తెరుచుకోనే లేదు. సపోర్టుకి రాస్తే జవాబొచ్చింది: "డీబగ్గర్ మూసేయండి. క్రాష్ ఏ లైన్లో అయిందో పంపండి." ఆ లైను చెప్పేదే డీబగ్గరని ఆ మహానుభావుడికి ఎవరు చెప్పాలి? పెళ్ళి కుదిరితే గాని పిచ్చి కుదరదు, పిచ్చి కుదిరితే గాని పెళ్ళి కుదరదు.

మా పేటకి పేరు తెచ్చింది వెస్ట్‌మీడ్ ఆస్పత్రి. దాని గేటు దగ్గర కాపలావాడు నిలబడి, మెడలో స్టెతస్కోపు కనబడ్డ ప్రతివాళ్ళనీ "వీడెవడో గుండెలు తీసిన బంటు" అని బయటికి గెంటుతూ, ఉత్త చేతులతో వచ్చినవాళ్ళని మాత్రం ఆపరేషన్ థియేటర్లోకి సాదరంగా పంపిస్తే? కాపీ రక్షణ పేరిట సాగుతున్న కాపలా ఇదే.

ఈ కాపీ రక్షణ తాళాల తెలివి బ్రహ్మరహస్యమేమీ కాదు. విండోస్‌లో ఈజ్‌డీబగ్గర్‌ప్రెజెంట్ అనే ఫంక్షన్ ఉంది. నన్నెవరైనా గమనిస్తున్నారా అని సాఫ్ట్‌వేర్ దాన్ని అడుగుతుంది. ఔనంటే ముసుగు తన్ని పడుకుంటుంది. కొన్ని తాళాలు రెండు ఆదేశాల మధ్య పట్టిన సమయాన్ని కొలుస్తాయి, ఆలస్యమైతే ఎవడో మధ్యలో ఆపి చూస్తున్నాడని. తెరమీదున్న విండోల పేర్లన్నీ చదివి అనుమానించేవీ ఉన్నాయి, పక్కింటి అత్తగారిలా. మరి దొంగ ఏం చేస్తాడు? ఒక్కసారి కూర్చుని ఆ ప్రశ్న అడిగే చోటునే చెరిపేస్తాడు. ఇక అతని కాపీ ఏ ప్రశ్నా అడగదు. డీబగ్గర్ పక్కన పెట్టుకుని హాయిగా వాడుకుంటాడు. తాఖీదులన్నీ రసీదు ఉన్నవాడికే.

దొంగలకూ డీబగ్గర్ లాంటి ఈ పనిముట్లే కావాలి, కాదనను. ఆస్ట్రేలియా హైకోర్టు 1992లో తేల్చిన ఆటోడెస్క్ కేసులో జరిగింది అదే. ఆటోక్యాడ్ సాఫ్ట్‌వేర్ కోసం కంప్యూటర్‌కి తగిలించే తాళం పంపే సంకేతాలను ఆసిలోస్కోపుతో చదివి, మారుతాళం తయారుచేసి అమ్మారు. అందులో 127 బిట్ల పట్టిక నకలు ఉన్నందుకు కోర్టు తప్పు పట్టింది. తప్పు పట్టింది నకలుకి. ఆసిలోస్కోపులు ఇళ్ళలో ఉంచుకోరాదని మాత్రం అనలేదు.

పనిముట్లంటే ఈ తాళాలు వేసేవాళ్ళకి ఇంత భయం ఎందుకో తెలియాలంటే 2005 అక్టోబరుకి వెళ్ళాలి. ఆ నెల 6న ఇదే హైకోర్టు, ప్లేస్టేషన్ తాళాన్ని దాటించే మోడ్ చిప్పుల కేసులో, సోనీ పెట్టిన తాళం అప్పటి చట్టం చెప్పిన రక్షణ కిందికి రాదంది. (ఓడిన తాళాలు అమెరికాతో స్వేచ్ఛా వాణిజ్య ఒప్పందం పట్టుకుని 2007 జనవరి 1 నుంచి కొత్త చట్టంగా తిరిగొచ్చాయి, అది వేరే కథ.) అదే నెల 31న మార్క్ రుసినోవిచ్ అనే ప్రోగ్రామర్ ఒక సంగతి బయటపెట్టాడు. దాక్కున్న సాఫ్ట్‌వేర్‌ని పట్టడానికి తాను రాసిన రూట్‌కిట్ రివీలర్‌ని సొంత కంప్యూటర్ మీద నడిపితే, కొనుక్కున్న సోనీ బీఎంజీ పాటల సీడీ తనకు చెప్పకుండా దించిన రక్షణ సాఫ్ట్‌వేర్ దొరికింది. సిస్టమ్ కంటికి కూడా కనబడకుండా దాక్కుని ఉంది. గుమ్మడికాయల దొంగ ఎవరంటే భుజాలు తడుముకున్నది కాపలావాడన్నమాట! తర్వాతి కాలంలో సెక్యురామ్ అనే ఆటల తాళం, కంప్యూటర్లో ఏమేం నడుస్తున్నాయో చూపించడానికి అదే రుసినోవిచ్ రాసిన ప్రాసెస్ ఎక్స్‌ప్లోరర్ నడుస్తుంటే ఆట మొదలవనిచ్చేది కాదు. చూసే కన్నంటే ఉన్న భయం అలాంటిది.

చట్టం ఏమంటుందో కూడా వినండి. ఆస్ట్రేలియా కాపీరైట్ చట్టానికి 1999లో చేర్చిన 47డి, 47ఇ, 47ఎఫ్ సెక్షన్లు, ఇతర సాఫ్ట్‌వేర్‌తో కలిసి పనిచేయించడానికి, తప్పులు దిద్దడానికి, భద్రత పరీక్షించడానికి, కొన్ని షరతుల మీద ప్రోగ్రాముకి నకలు తీసుకోవచ్చంటాయి. ఒప్పందంలో ఏం రాసుకున్నా ఈ హక్కు పోదని 47హెచ్ అంటుంది. పార్లమెంటు సరేనన్న పనిని నా లాప్‌టాప్ కుదరదంటోంది.

ఫోనుదీ అదే పాట. ఆండ్రాయిడ్‌లో బిల్డ్ నంబర్ మీద ఏడుసార్లు నొక్కితే మీరు డెవలపర్ అయ్యారంటుంది. ఏడడుగులు వేస్తే భర్త, ఏడు నొక్కులు నొక్కితే డెవలపర్. మా నాన్నగారి కరెంటు బిల్లు కడదామని మన దేశపు బ్యాంకు యాప్ ఒకటి తెరిస్తే, డెవలపర్ ఆప్షన్స్ ఆపితేగాని గుమ్మం తొక్కనివ్వదు. నెలకోసారి విడాకులు, మళ్ళీ ఏడు నొక్కులు.

చివరికి నా తప్పు దొరికింది. మూడు రాత్రులు కాగితం మీద లెక్కలు వేసుకుంటే, బఫర్ సైజు ఒకటి తక్కువ ఇచ్చానని తేలింది. డీబగ్గర్ ఉంటే పది నిమిషాల పని.

నిన్న లైసెన్సు రెన్యూవల్ మెయిల్ వచ్చింది. మొదటి మాట, "ప్రియమైన డెవలపర్ గారికి".