భాషలో తప్పు కనిపిస్తే దిద్దమనకండి: పైథాన్ చర్చల్లోకి దిగేవారికి సలహాలు

పైథాన్ నేర్చుకున్న ఆర్నెల్లకల్లా ప్రతివాళ్లకూ ఒక సందేహం వస్తుంది. "ఇది ఇలా ఎందుకుంది? మార్చేయొచ్చు కదా!" మార్చమని అడగడానికి దారీ ఉంది. పెప్ అనే పత్రం రాసి చర్చకు పెట్టొచ్చు. అలాంటి చర్చల్లో ఎలా మెలగాలో పెద్దలు చెబుతూనే ఉంటారు: చిన్న విషయాలకు కాలం వృథా చేయొద్దు, కొత్త ఆలోచనను మనసు విప్పి చదవాలి, లోపం దొరికితే వెంటనే సరిచేయాలి. నేను చెప్పేది వీటన్నిటికీ ఎదురు. అయినా నా మాటే పాటించమంటున్నాను.

అన్నిటికన్నా ముఖ్యమైనది, లోపం కనిపిస్తే దిద్దమనకండి.

పండును బుట్టలో వేసే చిన్న ఫంక్షన్ ఒకటి రాయండి. దానికి పండు, బుట్ట అని రెండు పారామీటర్లు. బుట్ట ఎవరూ ఇవ్వకపోతే డిఫాల్ట్‌గా ఖాళీ లిస్టు, అంటే బుట్ట=[]. మామిడి పంపితే [మామిడి] వస్తుంది. మళ్లీ పిలిచి జామ పంపండి. [జామ] వస్తుందనుకుంటాం, వచ్చేది [మామిడి, జామ]. పిలిచిన ప్రతిసారీ పైథాన్ కొత్త బుట్ట అల్లదు. డెఫ్ లైను నడిచినప్పుడు ఒక్కసారే అల్లి, ఆ బుట్టనే ప్రతిసారీ చేతికిస్తుంది. దీనివల్ల రాత్రిళ్లు నిద్ర కాచినవాళ్లు ఊరూరా ఉన్నారు.

2021లో క్రిస్ ఏంజెలికో పెప్ 671లో ఒక మందు సూచించారు. = బదులు => అని రాస్తే డిఫాల్ట్ విలువ పిలిచినప్పుడల్లా కొత్తగా తయారవుతుంది. చక్కగా రాసిన పత్రం. అయినా వద్దనే అంటాను. ఈ మందు వచ్చినా పాత జబ్బు పోదు, ఎందుకంటే = అలాగే ఉంటుంది. రేపు నేర్చుకునే పిల్ల ఒకటి కాదు, రెండు రకాల డిఫాల్ట్‌లు నేర్చుకోవాలి. డిఫాల్ట్‌గా నన్ పెట్టి, లోపల రెండు లైన్లలో కొత్త లిస్టు చేసుకునే పద్ధతి ఇప్పటికే అందరి చేతిలోనూ ఉంది. పైగా ఈ తికమక ఒక్కటి అర్థమైతే డెఫ్ అనేది ఒట్టి ప్రకటన కాదని, అదీ ఒక పనిలా నడుస్తుందని బోధపడుతుంది. ఆ ఎరుక లేకుండా పదేళ్లు పైథాన్ రాసినా పునాది కుదరదు. అందుకే దీన్ని మొదటి వారంలోనే, దెబ్బ తగిలేలాగే చూపించండి. పాఠం చెప్పేవాళ్లు చాలామంది దీన్ని చివరి అధ్యాయంలోకి నెట్టేస్తారు. అది పిల్లలకు చేసే అన్యాయం.

మేక్‌ఫైల్ కథ కంప్యూటర్ పాఠాల్లో గుణపాఠంగా చెబుతుంటారు. 1976లో బెల్ ల్యాబ్స్‌లో స్టువర్ట్ ఫెల్డ్‌మన్ మేక్ అనే బిల్డ్ పరికరం రాసినప్పుడు, దాని ఫైల్లో ఆదేశం ఉన్న లైను ట్యాబ్‌తోనే మొదలవ్వాలని పెట్టారు. కొద్ది వారాలకే అది మంచి నిర్ణయం కాదని తెలిసింది. అప్పటికి వాడుతున్నవాళ్లు డజను మంది, చాలావరకు స్నేహితులే. వాళ్ల ఫైళ్లు పాడవుతాయని ఆయన మార్చలేదు. ట్యాబ్ బదులు స్పేసులు పడి ఎర్రర్ వచ్చినప్పుడల్లా ఇప్పటికీ లోకం ఆయన్ని ఆడిపోసుకుంటుంది. నా దృష్టిలో ఆయన చేసిందే సరైన పని. తన పరికరాన్ని నమ్మి పని మొదలుపెట్టిన డజను మందిని అవసరమైతే వదిలేసేవాడు, రేపు కోటి మందిని కూడా వదిలేస్తాడు.

వదిలేస్తే ఏమవుతుందో పైథాన్ 3 చూపించింది. అది 2008 డిసెంబర్‌లో వచ్చింది. దిద్దినవి న్యాయమైన తప్పులే. ప్రింట్ వాక్యంగా ఉండేది, ఫంక్షన్ అయింది. 7/2 అంటే 3 వచ్చేది, 3.5 అయింది. ప్రింట్ మార్పు అరిచి మరీ చెబుతుంది: బ్రాకెట్లు లేని పాత లైను సింటాక్స్ ఎర్రర్ ఇచ్చి ఆగిపోతుంది. భాగహారం మార్పు మాత్రం నోరు మెదపదు. ప్రోగ్రామ్ నడుస్తూనే ఉంటుంది, లెక్క మాత్రం మారిపోతుంది. పైథాన్ 2ను 2015లో ఆపాలనుకుని, కుదరక 2020కి జరిపారు. 2020 జనవరి 1 దాకా రెండు భాషలు పక్కపక్కనే కాపురం చేశాయి. ఆ పదకొండేళ్లూ ఏ లైబ్రరీ ఎక్కడ పనిచేస్తుందో చూసుకుంటూ పోయిన మనుషుల శ్రమను లెక్కలో వేయకుండా "దిద్దేద్దాం" అనడం నాకు మింగుడుపడదు.

ఇక ఏ ప్రతిపాదననైనా "వద్దు" అనుకునే చదవడం మొదలుపెట్టండి. అది మీకు పనికొచ్చేదైతే ఇంకా గట్టిగా. స్విచ్ లాంటి వాక్యం కావాలని పైథాన్‌లో ఎప్పటినుంచో అడుగుతున్నారు. భాషను పుట్టించిన గిడో వాన్ రోసమ్ స్వయంగా 2006లో పెప్ 3103 రాశారు. 2007 పైకాన్ సభలో వచ్చినవాళ్లను అడిగితే పెద్దగా మద్దతు రాలేదు. ఆయనే దాన్ని తిరస్కరించారు. చివరికి 2021లో పైథాన్ 3.10తో మ్యాచ్ వచ్చింది. అది ఒట్టి స్విచ్ కాదు. చేతికొచ్చిన లిస్టులో రెండు అంశాలుంటే వాటిని విడదీసి, పేర్లు పెట్టి, ఆ పేర్లతోనే పని చేయిస్తుంది. 2007లో సరేనని ఉంటే పేలవమైన స్విచ్ ఒకటి భాషలో స్థిరపడిపోయేది. ఒకసారి లోపలికి వచ్చింది బయటికి పోదు.

మూడో సలహాకు నాకు ఎక్కువ తిట్లు పడతాయి. చిన్న గుర్తు మీదే ఎక్కువ వాదించండి. పెద్ద సూత్రాల మీద మేధావులు ఎలాగూ మాట్లాడతారు, గుర్తును రోజూ టైపు చేసేది మీరు. 2018లో, లెక్క మధ్యలోనే విలువకు పేరు పెట్టే := మీద, అంటే పెప్ 572 మీద, జరిగినంత రభస పైథాన్ చరిత్రలో అరుదు. రెండు చుక్కలు, రెండు గీతల కోసం ఇంత గొడవా అని నవ్వినవాళ్లున్నారు. కానీ మొదట ఆ ప్రతిపాదన అడిగింది వేరు. పేరు ఆ ఒక్క వాక్యం వరకే బతకాలి, రాయడానికి యాజ్ అనే మాట వాడాలి. యాజ్ ఇప్పటికే ఇంపోర్ట్‌లోనూ విత్‌లోనూ ఎక్సెప్ట్‌లోనూ వేరే పని చేస్తోంది. వాదన సాగింది కాబట్టే రూపం మారి, మామూలు = తో పొరపడే వీలు లేకుండా హద్దులు గీసుకుని, 2019లో 3.8తో బయటికొచ్చింది.

ఆ రభసకు ఒక మనిషి మూల్యం చెల్లించాడు. 2018 జూలై 12న గిడో పెద్దరికం వదులుకున్నారు, := ను ఒప్పుకున్న తన నిర్ణయాన్ని ఇంతమంది ఏవగించుకోవడం చూసి విసిగిపోయానన్నారు. తర్వాత ఏడాది అయిదుగురు సభ్యుల స్టీరింగ్ కౌన్సిల్ వచ్చింది. కాబట్టి గుర్తును నెలల తరబడి చీల్చి చెండాడండి, ఆ గుర్తు తెచ్చిన మనిషి జోలికి మాత్రం పోకండి.

మన తెలుగువాళ్లకు ప్రత్యేకంగా ఒకటుంది. 2007 నాటి పెప్ 3131 పుణ్యమా అని పైథాన్ 3లో వేరియబుల్‌కు తెలుగు పేరు పెట్టొచ్చు. మొత్తం = 0 అని రాస్తే హాయిగా నడుస్తుంది. కానీ సాఫ్ట్‌వేర్ = 1 అని రాస్తే సింటాక్స్ ఎర్రర్. ట పొల్లునూ వ అక్షరాన్నీ అతుక్కోకుండా ఆపడానికి కీబోర్డు మధ్యలో కంటికి కనిపించని గుర్తు ఒకటి పెడుతుంది, దాన్ని పైథాన్ పేర్లలోకి రానివ్వదు. ఇది మన లిపికి అన్యాయమని ప్రతిపాదన పెట్టాలని ఉత్సాహం రావచ్చు. పెట్టకండి. ఆ గుర్తును రానిస్తే, కప్ అని ఉత్తినే రాసినదీ చివర ఆ గుర్తు తగిలించి రాసినదీ తెరమీద అచ్చం ఒకేలా ఉంటాయి, పైథాన్‌కు మాత్రం రెండు వేర్వేరు పేర్లవుతాయి. ఆ తప్పు పట్టుకోవడం ఎవరి తరం? కోడ్‌లో సాఫ్ట్వేర్ అని అతికించి రాయండి, లేదా మధ్యలో అండర్‌స్కోర్ పెట్టి సాఫ్ట్_వేర్ అనండి.