రాసిన చెయ్యి బంగారం

అమెరికా ప్రభుత్వమా, నీ చేతిరాతకు దండం పెడతాను. 1855 జనవరి 31న నియా బేలో మకా తెగ జనంతో చేసుకున్న ఒడంబడికలో, నాలుగో అధికరణంలో, తిమింగలం వేట వాళ్ల హక్కని పేరు పెట్టి మరీ రాశావు. నువ్వు తెగలతో రాసుకున్న వందల ఒడంబడికల్లో ఆ మాట ఉన్నది ఇదొక్కదానిలోనే.

ఆ రోజు నీ గవర్నర్ ఐజక్ స్టీవెన్స్ ఎంత చల్లగా మాట్లాడాడు! నూనె నింపుకోను పీపాలు, కాచుకోను గంగాళాలు, వేటకు తాళ్లు పంపిస్తానన్నాడు. సముద్రమే తమ దేశమనుకునే మనుషులు ఆ మాట నమ్మి నేల ఇచ్చేశారు. సుమారు 3 లక్షల ఎకరాలు. ఆ భాగం నువ్వు పొల్లుపోకుండా అమలు చేశావు. దానికి ఏ అర్జీ, ఏ విచారణ అడ్డురాలేదు.

నీ నేల మీద దొరికిన వాళ్ల వేట సాక్ష్యాన్ని కూడా భద్రంగా దాచనిచ్చావు. కొన్ని శతాబ్దాల కిందట కొండచరియ కింద కూరుకుపోయిన మకాల ఓజెట్ ఊళ్లో, సీడార్ చెక్కతో తిమింగలం వీపురెక్కను మలిచిన బొమ్మ దొరికింది. దానికి 700కు పైగా నీటికుక్క పళ్లు ఒక్కొక్కటిగా పొదిగారు. వేటాడిన ప్రాణి మీద అంత భక్తి ఉన్నవాళ్లకా నువ్వు దయ నేర్పాలి?

బూడిదరంగు తిమింగలాలను ఊడ్చేసింది వ్యాపార ఓడలు. ఈనడానికొచ్చిన తల్లులను బాహా కాలిఫోర్నియా ఉప్పుటేళ్లలోనే పొడిచారు. అవి తగ్గిపోయాయని 1920లలో మకాలు తమంతట తామే బల్లేలు పక్కన పెట్టారు. 1994లో అవి కోలుకున్నాయని నువ్వే ప్రమాద జాబితా నుంచి తీశాక వేట హక్కును మళ్లీ అడిగారు. 1999 మే 17న దోనెలో వెళ్లి ఒక్కదాన్ని వేటాడారు.

ఆ తర్వాత నీ జాగ్రత్త మొదలైంది. వేటకు 1972 నాటి సముద్ర క్షీరదాల చట్టం నుంచి మినహాయింపు కావాలని 2002లో నీ కోర్టు చెప్పింది. చట్టం మంచిదే. తిమింగలం కోసం ఏడ్చేవాళ్ల కన్నీరూ నిజమే. కానీ మాటిచ్చింది వాళ్లు కాదు, నువ్వు. 2005లో మకాలు అర్జీ పెట్టుకున్నారు. ప్రతి ప్రాణినీ లెక్కగట్టి, ప్రతి అభ్యంతరాన్నీ ఓపికగా విని, 2024 జూన్‌లో మినహాయింపు ఇచ్చావు: పదేళ్లలో 25కు మించకూడదని.

అర్జీ పెట్టిన ఏడు పుట్టిన మకా బిడ్డ, నీ జవాబు వచ్చేసరికి తెడ్డు వేసే వయసుకు వచ్చాడు.