తొమ్మిదికి పదహారు చాలవు

ఓపెన్‌జీఎల్‌లో తొమ్మిది పదహారు కంటే పెద్దది. నవ్వకండి, 2010 నుంచీ ఇదే శాసనం. ఆ ఏడాది వచ్చిన 4.1 వెర్షన్ వర్టెక్స్ షేడర్లకు డబుల్ ప్రెసిషన్ ఆట్రిబ్యూట్లు ప్రసాదించింది; ఆట్రిబ్యూట్లకు కనీసం 16 చోట్లన్న పాత హామీని అలాగే ఉంచింది. ఒక డీవెక్4 అంటే నాలుగు డబుళ్లు, 32 బైట్లు. మామూలు చోటు పట్టేది 16 బైట్లే కనుక రెండు చోట్లు కావాలి. లొకేషన్ నంబరు మాత్రం ఒక్కటే చాలట! రెండు సీట్లలో పరుచుకున్న ఆసామికి ఒకే టికెట్టు కొట్టి, బస్సు నిండిందా లేదా అన్నప్పుడు అతన్ని ఒకరనుకుంటారో ఇద్దరనుకుంటారో కండక్టరు దయకు వదిలేశారన్నమాట. ఆ దయకు స్పెసిఫికేషన్‌లోనే రాతపూర్వక అనుమతి ఉంది.

దాంతో తొమ్మిది డీవెక్4లున్న షేడర్ ఒక డ్రైవర్ మీద హాయిగా లింకవుతుంది. ఇంకో డ్రైవర్ పద్దెనిమిదని లెక్కగట్టి గెంటేస్తుంది. ఇద్దరూ ప్రమాణబద్ధులే!

తిట్లు తినేది మాత్రం మీసా లాంటి ఓపెన్ సోర్స్ డ్రైవర్లు రాసేవాళ్లు. తర్వాత కొత్త గ్రాఫిక్స్ ప్రమాణం వల్కన్ వచ్చి, డీవెక్3, డీవెక్4 రెండేసి లొకేషన్లు తీసుకుంటాయని తేల్చేసింది. మంచిదే. కానీ మీసాలో ఓపెన్‌జీఎల్‌కూ వల్కన్‌కూ కంపైలర్ నడిమి భాగం ఒకటే. అందుకని ఓపెన్‌జీఎల్ షేడర్ వచ్చినప్పుడు, ఏ ఆట్రిబ్యూట్‌కు రెండు చోట్లు కావాలో బిట్‌మాస్క్‌లో గుర్తుపెట్టుకుని, దాని వెనకున్న నంబర్లన్నీ ఒక్కొక్కటే జరపాలి. ఒక్క చోటు తప్పితే నార్మల్ రావాల్సిన చోట రంగు వచ్చి కూర్చుంటుంది. ఇంటెల్ అయితే ఐస్ లేక్ చిప్పుల్లో డబుల్ లెక్కల యంత్రాంగాన్నే పీకేసింది. ఓపెన్‌జీఎల్ 4 ముద్ర పోకూడదు కదా, ఆ లెక్కలన్నీ మీసా సాఫ్ట్‌వేర్‌లో చేసి పెడుతోంది.

ఇంత యాతన ఎవరి కోసం? భూగోళాన్ని మీటర్లలో గీసేవాళ్లకు ఇబ్బంది నిజమే: 63,78,137 మీటర్ల వ్యాసార్థం దగ్గర ఫ్లోట్‌లో ఒక విలువకూ పక్క విలువకూ మధ్య ఎడం అర మీటరు. అయితే తెలిసినవాళ్లు కెమెరా స్థానాన్ని సీపీయూలోనే తీసివేసి, మిగిలిన చిన్న అంకెల్ని ఫ్లోట్లుగా పంపేస్తారు. డబుళ్లు లేనిది డ్రైవరే కాదని గొంతు చించుకునే శూరుల కోడు తెరిచి చూడండి. జీఎల్‌వర్టెక్స్‌ఆట్రిబ్‌పాయింటర్‌కు జీఎల్_డబుల్ అని ఇచ్చి ఉంటారు. పాయింటర్‌కు ముందు 'ఎల్' ఉండదు. అది లేకపోతే డబుళ్లన్నీ చప్పుడు చేయకుండా ఫ్లోట్లయి షేడర్‌కు చేరతాయి. మెమరీ మాత్రం రెట్టింపు ఖర్చు. డ్రైవర్ ఒక్క ఎర్రర్ కూడా ఇవ్వలేదు కనుక, బొమ్మ ఎంత కచ్చితంగా వచ్చిందో చూడమని స్క్రీన్‌షాట్లు పంపుతుంటారు.